జోజమ్మకి మైనస్ ఒకటి

మా జోజమ్మ నలుపు. నలుపంటే మీరనుకునే చామనఛాయ కాదు, నేరేడు పండు నలుపు. పెళ్ళైన కొత్తలో ఆటపట్టించడానికి ఒక కథ చెప్పేవాణ్ణి. ఒక కాకి మా ఇంటి చూరు మీద వాలి, ఈవిణ్ణి చూసి, తన రంగు మీద తనకే అనుమానం వచ్చి, సబ్బు పట్టుకుని కాలవకి స్నానానికి పోయిందని. ఆవిడ నవ్వేది కాదు, ఏడ్చేదీ కాదు. "ఆ కాకి తిరిగొచ్చి ఏవంది?" అని అడిగేది. నలభై నాలుగేళ్ళైంది. కాకి ఏమందో నేనింకా కల్పించలేకపోయాను.

నా పేరు సవరయ్య. మాది నూజివీడు నుంచి మైలవరం పోయే రోడ్డు పక్కన ఒక ఊరు. సిస్టర్ల బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి నాకోసం చాలాకాలం ఎదురుచూసిందని విన్నాను. ఆ తరువాత ఆలూమగలిద్దరమూ దశరథరామయ్యగారి మామిడి నర్సరీలో చేరాం. నేను మంచి చెట్ల నుంచి పుల్లలు కోసుకొస్తాను. ఆవిడ అంటు కడుతుంది. అంటు కట్టడమంటే, టెంక నుంచి మొలిచిన నాటు మొక్కని ఏటవాలుగా చెక్కి, నేను తెచ్చిన పుల్లని దానికి సరిగ్గా అతికేలా చెక్కి, రెండూ కలిపి ప్లాస్టిక్ పట్టీతో బిగించడం. వినడానికి ఇంతే. నూటికి అరవై బతికితే మంచి పనివాడంటారు. జోజమ్మ కట్టినవి నూటికి నూటరెండు బతుకుతాయి.

ఆ రెండూ ఎక్కడివని అడుగుతారేమో. ఒకసారి నా గొడుగు కర్ర విరిగితే, పక్కన పడున్న చిన్న రసం మామిడి పుల్ల తీసి దానికి అతికించి కట్టింది. తొలకరికి చిగురేసింది. మూడేళ్ళు ఆ గొడుగేసుకుని తిరిగాను, నీడ రెండింతలు. సరిగ్గా పూత మీద ఉండగా ఎవడో ఎత్తుకుపోయాడు, లేకపోతే మీకు చూపించేవాణ్ణే.

నేను చెప్పబోయేది మాత్రం కల్పించింది కాదు.

మామిడితో పనిచేసేవాళ్ళకి సొన తప్పదు. కోసినచోట నుంచి చిమ్మి ఒంటి మీద పడితే చర్మం కాలుతుంది. జోజమ్మ ముంజేతుల నిండా ఆ మచ్చలే. నలుపు మీద ఇంకా నల్లగా, నిగనిగలాడుతూ ఉంటాయి. ఎడమ కన్ను కింద ఒకటుంది, చింతగింజంత. పనిలో చేరిన మొదటి ఏడు పడింది. అది ఇంకో వేలెడు పైన పడుంటే కన్ను పోయేది.

ఇలాంటి మనిషికి ఇన్నేళ్ళలో సరైన ఫొటో ఒక్కటి లేదు. పెళ్ళి ఫొటో గుడి మెట్ల మీద తీశారు. తెల్ల చీర బ్రహ్మాండంగా పడింది, చీరలో ఎవరున్నారో పడలేదు. నన్నొక చీర పెళ్ళి చేసుకున్నట్టుంటుంది. తరువాత కాలంలో చుట్టాల పెళ్ళిళ్ళలో తీసినవి ఇంకో రకం. అందరినీ పాలలో ముంచి తీసినట్టుంటాయి. అందులో జోజమ్మ ఏదని వెతకాలంటే చీర అంచు గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఏడు జూన్‌లో నూజివీడులో మామిడి రైతులూ నర్సరీలవాళ్ళూ కలిసి ఒక మేళా పెట్టుకున్నారు. మా దశరథరామయ్యగారు తన స్టాలు ముందు జోజమ్మ ఫొటోతో ఎనిమిదడుగుల ఫ్లెక్సు కట్టిస్తానన్నారు. దాని కింద ఆవిడే కూర్చుని, జనం చూస్తుండగా అంటు కట్టి చూపించాలి.

"ఫ్లెక్సుల మీద పుట్టినరోజు కుర్రాళ్ళే గానీ పని తెలిసినోళ్ళు ఎక్కడున్నారు సవరయ్యా? మన జోజమ్మ ఉండాలి," అన్నారు. మంచి మనిషి. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే చిక్కు.

ఆ సాయంత్రం జోజమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కూరలో ఉప్పు వేసింది. తరువాత అంది, "ఏవయ్యా, ఇటు జి. కొండూరు దాకా, అటు ఉంగుటూరు దాకా నేను కట్టిన చెట్లున్నాయి గదా."

"ఉన్నాయి."

"వాటి కాయలు తినేవాళ్ళకి ఎవరు కట్టారో తెలుసా?"

"కాయ తినేవాడు టెంక చూస్తాడు గానీ పేరు చూస్తాడా?"

"ఇప్పుడు చూస్తారు," అని కూరలో ఉప్పు వేసింది. అది రెండోసారి వేయడం. నేను మాట్లాడకుండా తిన్నాను.

మేళాకి రెండు రోజుల ముందు ఫొటో తీయడానికి ఉదయ్ కిరణ్ నర్సరీకి వచ్చాడు. నూజివీడులో స్టూడియో ఉంది, ఇద్దరు పిల్లల తండ్రి, చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ అతనివే. మెడలో కెమెరా చంటిపిల్లలా వేలాడుతోంది. జోజమ్మ ముదురు మెరూన్ రంగు చీర కట్టుకుంది. చేతిలో చాకు, పుల్ల. వెనక గుబురుగా తోట. పక్క నుంచి పొద్దుటి ఎండ పడుతోంది. అతను వంగి, లేచి, మోకాళ్ళ మీద కూర్చుని పది పన్నెండు తీశాడు. కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూపించాడు.

"ఎవరు బాబూ ఈవిడ?" అంది జోజమ్మ.

"మీరే మామ్మగారూ. ఎంత బావున్నారో చూడండి."

"నేను కాదు. కావాలంటే మా ఆయన్నడుగు."

నేను తొంగిచూశాను. బూడిదగుమ్మడికాయ రంగులో ఎవరో ఒకావిడ. బుగ్గలు నున్నగా, చేతులు ఇంకా నున్నగా, వెనక తోటంతా ఎండిన గడ్డిలా పాలిపోయి ఉంది. నా నోరు ఊరుకోదు గదా. "నలభై నాలుగేళ్ళలో ఇంత తెల్లావిడ నా పక్కన ఎప్పుడూ నిలబడలేదు. ఇదే ఉంచెయ్యి బాబూ," అన్నాను.

"అయితే మధ్యాహ్నం అన్నం ఆవిణ్ణే వండమను," అంది జోజమ్మ.

తెల్లావిడ వండలేదు. ఆ రోజు నేను అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాను.

జోజమ్మ తెర మీద కన్ను కింద వేలు పెట్టింది. "ఇక్కడుండాల్సిన సొన మచ్చ ఏది?"

"కనపడకపోతేనే మంచిది గదండి మామ్మగారూ."

"ఎవరికి మంచిది?"

ఉదయ్ కిరణ్ నా వైపు చూశాడు. నేను తోట వైపు చూశాను.

"నువ్వు దీని మీద ఏదన్నా పూశావా?" అని అడిగింది.

"ఇంకా ఏమీ చెయ్యలేదండి. కెమెరా అట్టాగే తీసుద్ది," అని అతను ఓపిగ్గా కూర్చుని చెప్పాడు. "ఎదురుగా ఉన్నది మనిషా చెట్టా దానికి తెలీదండి. ఎంత వెలుగు వస్తుందో అదొక్కటే తెలుసు. లోకంలో ఉన్నదంతా నలుపూ తెలుపూ కాని ఒక నడిమి రంగులో ఉంటుందని దాని నమ్మకం. తెల్లనిది ఎదురైతే వెలుగెక్కువైందనుకుని తగ్గించుద్ది. నల్లనిది ఎదురైతే వెలుగు చాలలేదనుకుని పెంచుద్ది."

నాకు మా బడి గుర్తొచ్చింది. ఏటా బడిలో అందరికీ ఒకే కొలత నిక్కర్లు కుట్టించేవారు. నాకు మోకాళ్ళ కిందకి దిగేది, మా బెంచీలో లావు కుర్రాడికి తొడల పైకి పోయేది. కొలత మాత్రం సరైనదే అనేవారు.

జోజమ్మ ఆలోచించింది. "అంటే నేను చీకట్లో ఉన్నాననుకుంటుందా అది?"

"అలాంటిదేనండి."

"పట్టపగలు నిలబడ్డాను నేను. దానికి చెప్పే దారి లేదా?"

అప్పుడతను తడబడ్డాడు. కెమెరా పైన ఒక మూల చిన్న చక్రం ఉంది. దాని చుట్టూ నల్ల టేపు చుట్టి ఉంది, కరెంటు వైర్లకి చుట్టేది. జోజమ్మ చూపు దాని మీద పడింది. కట్టు అనేది ఎక్కడున్నా ఆవిడ కంటికి కనపడుతుంది.

"ఇదేంటి కట్టు?"

"చెప్పే దారి అదేనండి. ప్లస్ మైనస్ చక్రం. కెమెరా అనుకున్న దానికంటే వెలుగు పెంచాలంటే ప్లస్ వైపు, తగ్గించాలంటే మైనస్ వైపు తిప్పాలి. ఒక్కో టిక్కుకి ఒక గీత, మూడు గీతలు తిప్పితే ఒకటి. పెళ్ళిళ్ళ సీజను గదండి, ప్లస్ ఒకటి మీద పెట్టి టేపు వేసేశాను. పొరపాటున కదిలిందంటే పెళ్ళికూతురు తెల్లగా రాదు. వాళ్ళమ్మ ఆల్బం మొహాన కొట్టుద్ది."

"ఎప్పుడు వేశావు?"

"మాఘమాసంలోనండి."

"మాఘంలో వేసిన కట్టు ఇంకా ఉందా?" అంది జోజమ్మ. ఆ గొంతు నాకు తెలుసు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొక్కలు ఎండబెడితే ఆ గొంతే వస్తుంది. "అంటు అతుక్కున్నాక పట్టీ విప్పాలి బాబూ. విప్పకపోతే ఏవవుద్దో తెలుసా? కాండం లావెక్కుద్ది. పట్టీ లావెక్కదు. లోపలికి కోసుకుపోయి మెడ పిసికేసుద్ది. పైకి పచ్చగానే ఉంటది, ఒక గాలొచ్చినప్పుడు అక్కడికి పుటుక్కున విరుగుద్ది. నువ్వు కట్టావు, విప్పడం మర్చిపోయావు."

అని చాకు తీసింది.

"మామ్మగారూ, జాగ్రత్తండి, ఖరీదైంది," అన్నాడు ఉదయ్ కిరణ్. కానీ కెమెరా వెనక్కి లాక్కోలేదు. గొంతు మీదకి చాకొస్తే కదలకూడదని మంగలి దగ్గర నేర్చుకుని ఉంటాడు. జోజమ్మ చాకు మొనతో టేపు అంచు ఎత్తి, ఒక్క గీటు గీసింది. టేపు ఊడొచ్చింది. చక్రం మీద గాటు కూడా పడలేదు.

ముందు సున్నా మీద పెట్టి తీశాడు. గుమ్మడికాయ పోయి గోధుమ రంగు వచ్చింది. "ఇంకా నేను కాదు," అంది జోజమ్మ. మనిషి నలుపు, చీర ముదురు, వెనక తోట ముదురు, అందుకని కెమెరా ఇంకా వెలుగు పెంచుతూనే ఉందన్నాడు. మైనస్ వైపు ఒక గీత తిప్పాడు. ఇంకో గీత. మూడో గీత దగ్గర ఆగి, తెర చూసి, మా ఇద్దరి ముందూ పెట్టాడు.

కన్ను కింద చింతగింజ వచ్చింది. ముంజేతుల మీద మచ్చలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఎవరో పిలిచినట్టు వచ్చాయి. వెనక ఆకులు ఆకుపచ్చగా తిరిగొచ్చాయి. చెక్కిలి మీద పక్క నుంచి పడిన ఎండ, తడిసిన నేరేడు పండు మీద మెరుపులా ఉంది. ఈవిడ నలుపు మీద నేను కొన్ని వందల కథలు కట్టుంటాను. ఆ నలుపు ఇలా ఉంటుందని ఒక్క కథలోనూ చెప్పలేదు.

"ఆ, ఇది నేను," అంది జోజమ్మ.

"ఆరేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నానండి. ఇటువైపు తిప్పడం ఇదే మొదలు," అన్నాడు ఉదయ్ కిరణ్ మెల్లగా.

ఇక్కడితో అయిపోతే కథే లేదు. అతను ఆ తెల్లావిడదీ, ఇదీ, రెండు ఫొటోలూ దశరథరామయ్యగారి ఫోనుకి పంపాడు. ఆయన మొదటిదే ఎంచుకున్నారు. మర్నాడు నర్సరీకి వచ్చి చెప్పారు కూడా.

"రెండోది వద్దులే జోజమ్మా. ఫ్లెక్సు మీద నలుపు ఇంకా నల్లగా పడుద్ది. నలుగురూ చూసేది. చక్కటి మనిషిని దశరథరామయ్య ఇట్టా పెట్టాడేంటి అని నన్నంటారు."

"మొదటిది నేను కాదండి."

"నువ్వేనమ్మా, కాస్త తేటగా ఉంది అంతే. ఊరంతా పెట్టుకునేది అదేగా. ఫ్లెక్సు ప్రెస్సుకి కూడా పంపేశాను."

"ఆ ఫొటో కింద నేను అంటు కట్టను రామయ్యగారూ."

ఆయన నవ్వారు. "రేపు చూద్దాంలే," అని వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళుగా రమ్మంటే వచ్చిన మనిషి, కట్టమంటే కట్టిన మనిషి. ఆయన నవ్వడంలో తప్పులేదు. నేను కూడా అలాగే అనుకున్నాను.

మేళా రోజు పొద్దున జోజమ్మ అదే మెరూన్ చీర కట్టుకుని, చాకు సంచిలో పెట్టుకుంటోంది.

"పోనీలేవే. వెళ్ళి నాలుగు కట్టేసి వచ్చేద్దాం. ఫొటోతో మనకేంటి?" అన్నాను.

"నీకేవీ లేదు. నీకు తెల్లావిడ కావాలిగా."

"సరదాకన్నాను."

"నీ సరదాలు నేను నలభై ఏళ్ళు ఇంట్లో పడ్డాను. వాటిని ఎనిమిదడుగులు చేసి బజార్లో కడితే పడను."

నేను పుల్లల్ని తడి గోనెలో చుట్టాను.

"మరి రానన్నావుగా, చాకెందుకు?" అన్నాను.

"రానని ఎవరన్నారు? కట్టనన్నాను."

మేళాలో మా స్టాలు గేటు పక్కనే. ఫ్లెక్సు కట్టేశారు. తెల్లావిడ ఎనిమిదడుగుల ఎత్తున నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు, 'మా అంటు కట్టే చెయ్యి: జోజమ్మగారు'. దాని కింద బల్ల, బల్ల మీద నాటు మొక్కల సంచులు, తడి గోనెలో నేను చుట్టి తెచ్చిన పుల్లలు. జోజమ్మ కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంతే. చాకు సంచిలోంచి తీయలేదు.

పది గంటలకి జనం మూగారు. కూర్చున్నావిణ్ణి ఎవరూ చూడరు. పైకి చూస్తారు, బల్ల చూస్తారు, వాచీ చూస్తారు. ఒకాయన అయితే ఆ పెద్దామెని కాస్త జరిగి కూర్చోమన్నాడు, ఫొటోకి అడ్డమట.

అప్పుడు జి. కొండూరు నుంచి పున్నమ్మ అనే రైతు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిసంచీలో రెండు కాయలు. జోజమ్మ దగ్గరకొచ్చి వంగి అడిగింది. "పెద్దమ్మా, ఈ జోజమ్మగారు ఎప్పుడొస్తారండి? మా తోటలో చిన్న రసాలన్నీ ఆవిడ కట్టినవేనంట. తుపానుకి చుట్టుపక్కలన్నీ విరిగినా మావి ఒక్కటీ విరగలా. కాయలు చేతికిచ్చి పోదామని వచ్చాను."

జోజమ్మ ఆ కాయల వైపు చూసింది. పుచ్చుకోవాలని ఆవిడ వేళ్ళు కదలడం నేను చూశాను. మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది.

"ఆవిడ రాదమ్మా," అంది.

"ఏవండి, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఆవిడకి అంటు కట్టడం చేతకాదు."

పున్నమ్మ ఫ్లెక్సు వైపు చూసింది. "మరి మీరెవరండి?"

"కట్టేదాన్ని."

పున్నమ్మకి వెంటనే అర్థం కాలేదు. వెనకే నిలబడి ఉన్న దశరథరామయ్యగారికి అయింది. ఆయన మొహం ఎర్రబడింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. ఆయన నా భుజం మీద చెయ్యివేసి, "సవరయ్యా, నీకు తెలుసుగా పని. ఒకటి కట్టి చూపించు, పరువు పోతోంది," అన్నారు.

నాకు తెలుసు. నేను కట్టినవి నూటికి అరవై బతుకుతాయి. బల్ల దాకా వెళ్ళాను కూడా. జోజమ్మ నన్ను చూడలేదు, ఆపలేదు. పుల్ల చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని మళ్ళీ గోనెలో పెట్టేశాను.

"నాకు చేతనవుద్దండి. కానీ రాసింది నా పేరు కాదు గదా. బొమ్మలో ఉన్నావిణ్ణి దించి కట్టమనండి," అన్నాను. నవ్వించడానికి అన్నానని అనుకున్నారు జనం, నవ్వారు. దశరథరామయ్యగారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

జోజమ్మ లేచి నిలబడింది. "రామయ్యగారూ, నన్ను గొప్ప చెయ్యమని నేనెప్పుడూ అడగలేదండి. మీరే పెడతానన్నారు. పెడితే నన్ను పెట్టండి. నా మొహం పనికిరాకపోతే పేరు కూడా కొట్టేయండి, నేను ఇంటికి పోయి సోమవారం నుంచి పనికొస్తాను. నా పేరు మాత్రం ఇంకో మొహం కింద ఉంచను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన కూడా పెంచి ఉండేవారు. ఆయన కొంచెంసేపు ఫ్లెక్సు వైపు చూసి, ఆవిడ వైపు చూసి, పక్కనే ఉన్న ఉదయ్ కిరణ్‌తో, "రెండోది కొట్టించడానికి ఎంతసేపు పడుద్ది?" అన్నారు.

"గంటన్నరండి," అంటూనే అతను బండి స్టార్ట్ చేశాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు.

గంటన్నర జోజమ్మ అలాగే కూర్చుంది. తెల్లావిణ్ణి దించి చుట్టేశారు, పైన వట్టి కర్రలు మిగిలాయి. కొందరు వెళ్ళిపోయారు. పున్నమ్మ వెళ్ళలేదు. కుర్చీ పక్కన మొక్కల సంచులు జరిపి కింద కూర్చుంది. మధ్యలో ఒకసారి మంచినీళ్ళ సీసా అందించింది.

ఉదయ్ కిరణ్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ప్రెస్సులో కుర్రాడు అలవాటు కొద్దీ మొహం మీద వెలుగు పెంచబోయాడండి. చెయ్యి పట్టుకుని ఆపాను," అన్నాడు. నిచ్చెన వేసి అతనే పైకెక్కి కట్టాడు.

కొత్త ఫ్లెక్సు మీద, పక్క నుంచి పొద్దుటి ఎండ పడిన నల్లటి మనిషి, నల్లటి చేతులు, చేతిలో చాకు. జనం ఫ్లెక్సు చూశారు. తరువాత, ఆ రోజు మొదటిసారి, కుర్చీ వైపు చూశారు.

పున్నమ్మ లేచి రెండు కాయలూ జోజమ్మ చేతుల్లో పెట్టింది. జోజమ్మ ఈసారి పుచ్చుకుంది.

దశరథరామయ్యగారు దగ్గరకొచ్చి తలెత్తి చాలాసేపు చూశారు. "కన్ను కింద అదేంటమ్మా?"

"సొన మచ్చండి."

"ఎప్పుడైంది?"

"మీ నాన్నగారున్నప్పుడండి. పనిలో చేరిన ఏడు."

"ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్నాను నిన్ను. నాకు కనపడలేదే."

"మీరు మొక్కల్ని చూస్తారండి," అంది జోజమ్మ. కోపంగా కాదు, ఉన్నమాటగానే అంది. ఆయన ఒక కుర్చీ లాక్కుని, జనంలో ఒకడిగా ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

జోజమ్మ సంచిలోంచి చాకు తీసి, రెండు వైపులా చీర కొంగుకి తుడిచింది. నాటు మొక్క ఒకటి ముందుకు లాక్కుంది.

"ఏవయ్యా, పుల్లివ్వు," అంది నాతో. ఇచ్చాను.

తరువాత జనం వైపు తిరిగింది. "అంత దూరం నుంచి ఏం కనపడుద్ది? దగ్గరికి రండి. చాకు ఇట్టా పట్టుకోవాలి."